ఎండ తగలని చోట

ఆ వీధిలో ఆమె అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు. డ్రైక్లీనింగ్ దుకాణంలో కిటికీ పక్కన కూర్చుని చిరుగులు మాయం చేస్తుంది కాబట్టి అందరూ రఫూ అక్క అన్నారు. ఆమెకంటే పెద్దవాళ్లదీ అదే పిలుపు, ఉత్తరాలు పంచేవాడిదీ అదే పిలుపు. కోటు మోచేతి దగ్గర నిప్పురవ్వ పడి చిల్లి పడితే, అదే కోటు లోపలి అంచులోంచి పోగులు లాగి, ఒక్కో పోగునూ సూదితో కిందికీ పైకీ తోస్తూ ఆ చిల్లి మీద మళ్లీ నేత నేసేది. అయిపోయాక చిల్లి ఎక్కడుండేదో కోటు సొంతదారుకే తెలిసేది కాదు.

ఆమెకు నలభై దాటాయి. మాట తక్కువ. అలాగని నోట్లో నాలుక లేని మనిషి అనుకుంటే పొరపాటే. నాలుకనూ సూదినీ పని పడినప్పుడే బయటికి తీసేది.

ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. బట్ట ఎలా చిరిగిందని అడగొచ్చు. దారం ఎంచుకోవడానికి అది అవసరం. ఎందుకు బాగుచేయించుకుంటున్నారని మాత్రం అడగకూడదు. అది తెచ్చినవాళ్ల ఇష్టం.

ఒకరోజు చర్మ వైద్యురాలి తెల్లకోటు వచ్చింది. పక్క వీధిలోనే ఆమె ఆసుపత్రి. కోటు చేతి అంచున ఆవగింజంత కాలిన చిల్లి.

"సిగరెట్టా?" అంది రఫూ అక్క, కోటును వెలుతురుకు పట్టి చూస్తూ.

"అయ్యో, కాదు. లేజరు. పని చేస్తుంటే చెయ్యి అడ్డమొచ్చింది."

"లేజరుతో ఏం చేస్తారు?"

"మచ్చలు, మొటిమల గుంటలు, స్ట్రెచ్ మార్క్స్."

"అవేంటి చివరివి?"

"కడుపుతో ఉన్నప్పుడు చర్మం సాగి చారలు పడతాయి చూడండి, అవి."

రఫూ అక్క కోటు లోపలి అంచు తిప్పి పోగులు వెతికింది. కోటు కోసం డాక్టరమ్మ మళ్లీ వచ్చినప్పుడు చిల్లి ఏ చేతికి ఉండేదో గుర్తురాక రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. "ఎక్కడండీ?" అని అడిగితే, "మీకు కనపడకపోతే నేను చెప్పకూడదు" అంది రఫూ అక్క. తర్వాత కోటు మడతపెట్టి ఇస్తూ, గొంతు ఏమాత్రం తగ్గించకుండా, "నా కడుపు మీద చారలు తీస్తారా?" అంది. ప్యాంట్లు తీసుకెళ్లడానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన గోడ మీది గడియారం వైపు తిరిగి నిలబడ్డాడు.

ఈ కోరిక వెనక ఏదో విషాదం ఉంటుందని ఎదురుచూసేవాళ్లకు నిరాశ తప్పదు. భర్త ఏనాడూ వెక్కిరించలేదు. ఎవరూ చూసి మొహం చిట్లించలేదు. కూతురు కడుపులో ఉన్నప్పుడు బొడ్డు కింద రెండు వైపులా చారలు పడ్డాయి, మొదట ఎర్రగా ఉండి తర్వాత తెల్లబడ్డాయి. ఆమెకవి నచ్చలేదు, అంతే. పొద్దున బట్టలు మార్చుకునేటప్పుడు కళ్లు అక్కడికే పోయేవి. పోగులు జారిన గుడ్డ చేతిలో ఉంటే ఏ పనివాడి కళ్లయినా అక్కడే ఆగుతాయి. ఇన్నేళ్లూ బాగయ్యే దారి ఉందని తెలియక ఊరుకుంది. ఇప్పుడు తెలిసింది.

ఇంట్లో చెప్పడం ఆమె చేసిన మొదటి తప్పని తర్వాత దుకాణం యజమాని అన్నాడు గానీ, చెప్పకుండా చేయడం ఆమెకు చేతకాదు. రాత్రి భోజనాల దగ్గర చెప్పింది.

అత్తగారు కంచం పక్కకు జరిపింది. "ఆ చోటు ఎవరు చూస్తారని?"

"నేను చూస్తాను."

"చూడటం మానేస్తే సరి."

"కోటు లోపలి గుడ్డ చిరిగిందని తెస్తారు అత్తయ్యా. అది ఎవరు చూస్తారని నేనడిగితే మా సారు నన్ను ఇంటికి పంపిస్తాడు."

భర్త లిఫ్టులు బాగుచేసే మనిషి. ఏ మాటైనా బిగించి, ఒకసారి లాగి చూసుకుని గానీ వదలడు. "నాకేం అభ్యంతరం లేదు, ఉంటే ఉన్నాయి" అన్నాడు. "నువ్వెలా ఉన్నా నాకొకటే."

"ఒకటే అయితే, అవి లేకపోయినా ఒకటేగా."

ఆయనకు ఆ మాటలో ఎక్కడో మెలిక ఉందనిపించింది, ఎక్కడుందో దొరకలేదు. తల గోక్కున్నాడు.

కాలేజీలో చదివే కూతురు మాత్రం నిజంగా నొచ్చుకుంది. "అమ్మా, అవి నన్ను మోసిన గుర్తులు. ఒకరకంగా పతకాలు."

"పతకాలైతే మెడలో వేస్తారే. ఇవి కావాలంటే నువ్వు తీసుకో, ఇచ్చేస్తాను."

"జోకులొద్దు. నీ శరీరాన్ని నువ్వు ప్రేమించడం నేర్చుకోవాలి."

"ప్రేమ లేని కోటును ఎవరూ రఫూకి తేరమ్మా. చింపి తుడుపు గుడ్డ చేసుకుంటారు."

డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. అది ఆమె కళ్లు చికిలించుకుని సంపాదించిన డబ్బని అందరికీ తెలుసు.

ఆసుపత్రికి వెళ్తే, డాక్టరమ్మ వయసులో చిన్నదే గానీ మాట కట్టె విరిచినట్టు చెప్పింది. చారలు పూర్తిగా పోవు, పలచబడతాయి. ఎర్రగా ఉన్నప్పుడే వచ్చి ఉంటే బాగా పనిచేసేది, ఇవి పాతబడ్డాయి. కొందరికి తిరగబడి నల్లమచ్చ పడుతుంది కూడా. అందుకని ముందు చిన్న చోట చేసి చూడాలి.

ఆ చివరి మాట రఫూ అక్కకు నచ్చింది. "మేమూ అంతే. మరకల మందు ముందు లోపలి కుట్టు మీద వేసి చూస్తాం" అంటూ కుడివైపు, బొడ్డుకు కాస్త కింద, వేలు పెట్టి చోటు చూపించింది.

మొద్దుబారే మందు పూసి కాసేపు పడుకోబెట్టారు. కళ్లకు నల్లద్దాలు పెట్టారు. తర్వాత చిటపట చప్పుడు, ఎవరో రబ్బరు బ్యాండు లాగి వదులుతున్నట్టు చురుకు, వెంట్రుకలు కాలిన వాసన. ఉన్నిబట్ట మీద ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఎక్కువ ఆగితే వచ్చే వాసనే అది. ఆమెకు భయం వేయలేదు.

"కొన్ని వారాలు అక్కడ ఎండ తగలనివ్వకండి" అంది డాక్టరమ్మ.

"అక్కడ ఎండెలా తగులుతుందండీ? నేనేమన్నా సముద్రపు ఒడ్డున పడుకునే మనిషినా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వుల్లోనే అసలు అడగాల్సిన మాట కొట్టుకుపోయింది.

దుకాణంలో రఫూ పని మధ్యాహ్నం దాకానే. ఆ తర్వాత ఆవిరి ఇస్త్రీ కూడా ఆమెదే. మెత్తటి గుడ్డ చుట్టిన పొడవాటి బల్ల, సరిగ్గా నడుము ఎత్తున ఉంటుంది. దాని అంచుకు ఆనుకుని, ప్యాంటు పరిచి, పెట్టె మీట నొక్కితే బుస్సుమని ఆవిరి లేచి ముందు ఆమె పొట్టకే తగిలేది. సాయంత్రానికి నడుము దగ్గర బట్ట తడిసి వెచ్చగా అంటుకునేది. ఏళ్లుగా అలా అంటుకుంటూనే ఉంది కాబట్టి అదొక వేడి అన్న ఆలోచనే ఆమెకు లేదు. ఆ దుకాణంలో వేడంటే పెట్టె అడుగు. మిగిలినదంతా గాలి కిందే లెక్క.

ఎండను మాత్రం ఆమె దగ్గరికి రానివ్వలేదు. కిటికీకి తెర కుట్టి వేసింది. బయటికి వెళ్తే బట్ట మీద మరో బట్ట కప్పుకుంది. డాక్టరమ్మ చెప్పిందాన్లో అక్షరం తప్పలేదు.

అక్కడ కట్టిన పక్కు రాలాక కింద చర్మం ముందు గులాబీ రంగులో, తర్వాత గోధుమ రంగులో కనిపించింది, ఆ పైన నల్లబడటం మొదలుపెట్టింది. తపాలా బిళ్లంత చోటు, నాలుగు మూలలూ గీసినట్టు. చారలు పోలేదు సరికదా, వాటి మీద నల్లగుడ్డతో మాసిక వేసినట్టయింది. రఫూ చేసేవాళ్లకు మాసిక అనే మాటే గిట్టదు. అద్దం ముందు నిలబడి ఆమె చాలాసేపు దాన్ని చూసింది. తర్వాత తనే వెళ్లి అందరికీ చూపించింది. దాచిపెడితే ఓడిపోయినట్టని ఆమె లెక్క.

అత్తగారు కళ్లద్దాలు తెప్పించుకుని మరీ చూసింది. "పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటే ఏంటో అనుకున్నాను. మన ఇంట్లోనే చూశాను."

"ఆ నక్క చారలు కావాలని వాత పెట్టుకుంది. నేను పోవాలని పెట్టించుకున్నాను. పోలిక ఎక్కడ కుదిరింది అత్తయ్యా?"

"రెండింటికీ ఒళ్లు కాలింది. అక్కడ కుదిరింది."

రఫూ అక్కకు నవ్వొచ్చింది. ఆ ముసలావిడతో మాటల్లో గెలవడం కష్టమని ఆమెకు ముందే తెలుసు.

భర్తకు నవ్వు రాలేదు. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇక చాలు, వదిలెయ్."

"మళ్లీ వెళ్తాను."

"చూస్తూ చూస్తూనా?"

"మొదటిసారి పోగు తెగిందని గుడ్డ అవతల పారేస్తామా? ఎందుకు తెగిందో చూసుకుని మళ్లీ ఎక్కిస్తాం."

ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోతే ఏదో ఒకటి చేస్తాడని ఆమెకు అప్పుడు తట్టలేదు.

ఆమె ఆసుపత్రికి వెళ్లేసరికి డాక్టరమ్మ మచ్చ చూసి, కుర్చీలో వెనక్కి వాలి, ఇబ్బందిగా కలం మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. "నిన్న మీవారు వచ్చారు."

"ఎక్కడికి?"

"ఇక్కడికే. ఇక చేయొద్దని చెప్పి వెళ్లారు. ఆయన భయం ఆయనది. ఆయన్ని కూడా తీసుకురండి, మీరిద్దరూ ఒక మాట అనుకున్నాకే ముందుకెళ్దాం."

రఫూ అక్క చెవులు వేడెక్కాయి. గొంతు మాత్రం పెంచలేదు. "డాక్టరమ్మా, మీ కోటు రఫూకి తెచ్చినప్పుడు మీ ఆయన్ని తీసుకురమ్మన్నానా?"

"కోటూ ఒళ్లూ ఒకటెలా అవుతాయండీ?"

"కావు. కోటయితే ఎవరైనా తొడుక్కోవచ్చు. దీన్ని తొడుక్కునేది నేనొక్కదాన్నే."

డాక్టరమ్మ కలం మూత పెట్టేసింది. "సరే, మీవారి సంగతి వదిలేద్దాం" అంది. "కానీ మచ్చ ఎందుకు పడిందో తేలకుండా నేను మళ్లీ చేయను. అది మాత్రం నా నిర్ణయం. ఎండ తగిలిందా?"

"కిటికీకి తెర కూడా వేసుకున్నాను."

"కాపడం పెట్టుకున్నారా? బిగుతు బట్టలు?"

"లేదు."

"రోజంతా కూర్చునే కదా మీ పని?"

"మధ్యాహ్నం దాకా. తర్వాత ఆవిరి ఇస్త్రీ."

"ఎలా నిలబడతారు, చూపించండి."

రఫూ అక్క లేచి డాక్టరమ్మ బల్లకు ఆనుకుని, లేని ప్యాంటు పరిచి, లేని పెట్టె మీట నొక్కింది. బల్ల అంచు సరిగ్గా ఆ నల్లమచ్చ మీద ఆనింది. ఇద్దరి చూపులూ ఒకేసారి అక్కడికి వెళ్లాయి.

"నేను అడగాల్సింది" అంది డాక్టరమ్మ.

"నేను చెప్పాల్సింది. ఎండంటే ఎండే అనుకున్నాను."

డాక్టరమ్మ మచ్చ పలచబడే పూత రాసిచ్చింది. అది తగ్గాక, ఇంకా తక్కువ మోతాదులో చేయొచ్చంది. కానీ ఆవిరికి దూరంగా ఉండాలి. "అది మీ చేతిలో పనేనా?"

"చేసుకుంటాను" అంది రఫూ అక్క.

ఆ సాయంత్రం భర్త చెప్పులు విప్పకముందే అడిగింది. "ఆసుపత్రికి వెళ్లారటగా?"

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "నీ మంచికే వెళ్లాను."

"నా మంచికి నాకు చెప్పకుండా ఎందుకెళ్లారు?"

"చెబితే వద్దంటావు."

"అంటే, వద్దంటానని తెలిసే వెళ్లారు."

ఆయన చేతిలో పనిముట్ల సంచి కింద పెట్టి, గోడకు ఆనుకున్నాడు. "చూడు, లిఫ్టు తాడు ఒకసారి జారిందంటే ఇంక నేను మనుషుల్ని ఎక్కనివ్వను. నా కళ్ల ముందు నీ ఒంటి మీద అంత మచ్చ పడితే ఊరుకోమంటావా?"

"లిఫ్టు పదిమందీ ఎక్కేది. దీంట్లో ఉన్నది నేనొక్కదాన్ని. భయమేస్తే నాతో చెప్పండి, కూర్చుని వింటాను. నా వెనకాల వెళ్లి తలుపు మూయించకండి."

కూతురు గదిలోంచి తొంగిచూసి, సంగతి చూసి మళ్లీ లోపలికి వెళ్లింది. అత్తగారు మాత్రం కుర్చీలోంచి కదలకుండా కొడుకు వైపు తిరిగింది. తల్లి తన పక్షమే అనుకుని ఆయన ఆవిడ వైపు ఆశగా చూశాడు.

"నాకూ ఇష్టం లేదురా" అంది ఆవిడ. "కానీ నేను నోటితో అన్నాను. నువ్వు కాళ్లతో వెళ్లావు. ఆ రెండూ ఒకటి కాదు."

ఆయన అప్పుడు చెప్పులు విప్పాడు. చాలాసేపటికి, అన్నం తినేటప్పుడు, "వెళ్లకుండా ఉండాల్సింది" అన్నాడు. రఫూ అక్క సరేనని అనలేదు. కూర గిన్నె మాత్రం ఆయన వైపు జరిపింది.

మిగిలింది దుకాణం. మర్నాడు యజమాని షట్టరు ఎత్తుతుంటే చెప్పింది. "కొన్నాళ్లు ఆవిరి బల్ల దగ్గరికి రాను సార్."

"అదేంటి, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. కడుపు మీద చారలకి లేజరు చేయించుకుంటున్నాను. ఆవిరి తగలకూడదట."

యజమాని చెవులు ఎర్రబడ్డాయి. "అంత వివరం ఎందుకమ్మా నాకు?"

"మీరడిగారు."

"మరి ప్యాంట్లు ఎవరు చేస్తారు?"

"మీరు చేయండి. నేర్పిస్తాను."

"నేనా? ఈ దుకాణం నాది."

"ప్యాంట్లు కూడా మీ దుకాణానివేగా సార్."

ఆయన గొణిగాడు, గల్లాపెట్టె దగ్గర ఎవరుంటారన్నాడు, తన నడుము నొప్పి సంగతి ఎత్తాడు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంటూ అన్నీ వింది, లేవలేదు. రఫూ తెలిసిన మనిషి మళ్లీ దొరకడం ఎంత కష్టమో ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని ఆమెకు తెలుసు. మధ్యాహ్నానికి ఆయన చొక్కా చేతులు మడుచుకుని బల్ల దగ్గర నిలబడ్డాడు. మొదటి వారం ప్యాంట్లకు రెండేసి మడత గీతలు పడ్డాయి. ఒకాయన తన ప్యాంటు పట్టుకుని వచ్చి, ఇదేదో రైలు పట్టాల్లా ఉందన్నాడు. "కుట్టు మీద కుట్టు కలిపి పరవండి సార్, అప్పుడు నొక్కండి" అని ఆమె కూర్చున్న చోటునుంచే చెప్పింది. లేచి వెళ్లి సరిచేయాలని చేతులు దురదపెట్టేవి. అయినా లేవలేదు.

నల్లమచ్చ తగ్గడానికి కొన్ని నెలలు పట్టింది. ఆ తర్వాత డాక్టరమ్మ జాగ్రత్తగా, తక్కువ మోతాదులో, కుడివైపు మొత్తం విడతలు విడతలుగా చేసింది. మళ్లీ మచ్చ పడలేదు. చారలు డాక్టరమ్మ చెప్పినంతే తగ్గాయి. వెలుతురు పక్కనుంచి పడితే ఇంకా కనిపిస్తాయి, తడిమితే వేలికి తగులుతాయి. "దీనికోసమా ఇంత రభస?" అంది అత్తగారు. "అవును, దీనికోసమే" అంది కోడలు.

ఆసుపత్రికి తోడు వస్తానని భర్త అడిగితే మొదట వద్దంది. మరుసటిసారి, "రండి, కానీ బయటే కూర్చోండి" అంది. అప్పటినుంచి ఆయన వస్తున్నాడు. హాలులో గోడ పక్క కుర్చీలో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఫ్యాను బేరింగు అరిగిన చప్పుడు వింటూ కూర్చుంటాడు.

ఒకరోజు పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ ఆయన మొహాన్నీ చేతుల్నీ పరీక్షగా చూసింది. "మీకేమైంది బాబూ?"

"నాకేం లేదమ్మా. మా ఆవిడ లోపలుంది."

"ఆవిడకేమైంది?"

"ఏమీ కాలేదు."

"మరి ఎందుకొచ్చినట్టు?"

ఆయన ఏదో చెప్పబోయి ఆగాడు. "బయటికొచ్చాక తననే అడగండి. చెప్పాలనిపిస్తే చెబుతుంది."

అప్పుడే తలుపు తెరుచుకుంది. రఫూ అక్క నడుము దగ్గర బట్ట వదులు చేసుకుంటూ బయటికి వచ్చింది. పెద్దావిడ ఊరుకుంటుందా, "ఏం చేయించుకున్నావమ్మా?" అని అడిగింది.

"కడుపు మీద చారలకి లేజరండీ" అంది రఫూ అక్క. హాలంతా తల ఎత్తింది.

"అయిపోయిందా అయితే?"

"ఎక్కడ, కుడివైపే అయింది. ఎడమవైపు వచ్చే నెల మొదలుపెడుతున్నాను" అని చెప్పి, భర్తను లెమ్మన్నట్టు తలూపి, మెట్ల వైపు నడిచింది.